బోర్లించిన సీసా

ఆ రోజు చెయ్యవలసిన పనులు మూడే. భార్య వాటిని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఎనిమిదింటికి కడుపునిండా తిని మాత్ర వేసుకోవడం. పదింటికి హాస్టల్లో నలభై గదుల తాళాలు అప్పగించడం. పన్నెండింటికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం. మూడు పనులే కదా అని ఎవరైనా అనుకుంటారు. తాళాల మేస్త్రి సంగతి తెలిసినవాళ్ళు అనుకోరు.

మేస్త్రి పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఎంత మొండి తాళమైనా చెవి ఆనించి వింటాడు, రెండు నిమిషాల్లో తెరుస్తాడు. తన స్కూటర్ తాళంచెవి కోసం మాత్రం రోజూ పొద్దున్నే ఇల్లంతా పల్టీ కొట్టిస్తాడు. ఒక తాళం విప్పుతూ మధ్యలో మడతబందు కీచుమంటే దాని మీద పడతాడు, దానికి నూనె తేబోయి కిటికీ గొళ్ళెం బాగుచేసి వస్తాడు. ఇల్లలుకుతూ ఈగ తన పేరు మరిచిందంటారే, ఆ ఈగకి ఇతను పెద్దన్న. నలభై రెండేళ్ళు నిండాక డాక్టరమ్మ దీనికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పి మాత్ర రాసింది.

మాత్ర పనిచేసింది. మొదలుపెట్టిన తాళాన్ని అదే గదిలో, అదే రోజున పూర్తిచేశాడు. అతని చరిత్రలో అది మొదటిసారి. అయితే ఊరికే వచ్చే సుఖం ఉండదు. మధ్యాహ్నం అన్నం చూస్తే మొహం తిప్పుకునేవాడు. నోరు ఎండిపోయేది. మందు దిగిపోయే సాయంత్రం వేళ గోడ గడియారం మీద కూడా కోపం వచ్చేది. ఒక పుస్తకం పెట్టుకుని ఆకలి, నిద్ర, నాడి, కోపం రోజూ రాయమంది డాక్టరమ్మ. తిన్నాకే మాత్ర వేసుకోమంది, సాయంత్రం ఏదో ఒకటి తప్పకుండా తినమంది. ఆ సర్దుబాట్లతో రెండు నెలలు బాగానే గడిచాయి.

ఒకటే చిక్కు. మతిమరుపు మనిషి మతిమరుపు మాత్ర వేసుకున్నదీ లేనిదీ ఎలా గుర్తుపెట్టుకోవాలి? దానికి ఉపాయం భార్య కనిపెట్టింది. ఆమె బస్సు డిపోలో టైమ్ కీపర్. బస్సు బయల్దేరగానే దాని నంబరు పలకని అక్కడ తిరగేస్తారు. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టింది. మాత్ర వేసుకోగానే అతను సీసాని బోర్లించాలి. రాత్రి నిద్రమత్తులో ఆమె దాన్ని మళ్ళీ నిలబెడుతుంది. నిలబడి ఉంటే వేసుకోలేదు, బోర్లించి ఉంటే వేసుకున్నాడు. సందేహం ఉంటే ఇంకోటి మింగకూడదు.

"మీ బుర్రని నమ్మకండి. సీసాని నమ్మండి" అని ఆమె శాసనం.

మూడు వారాల కిందట ఆమె తండ్రి వచ్చి ఆ ఇంట్లో దిగాడు. రంగుల గోడౌన్లో ముప్పై ఏళ్ళు స్టోర్ కీపర్‌గా చేసిన మనిషి. డబ్బా నిలబెడితే రంగు అడుగు పట్టి గడ్డకడుతుందని గోడౌన్లో డబ్బాలన్నీ బోర్లించి ఉంచేవాడు. ఉద్యోగం వదిలింది గానీ చెయ్యి వదల్లేదు. తెల్లవారి అయిదింటికి లేచి నూనె సీసా, తేనె సీసా, షాంపూ సీసా, సిరా బుడ్డి అన్నీ వరసగా బోర్లించేవాడు. కూతురు లేచి తిట్టుకుంటూ నూనె సీసాని నిలబెట్టేది. అల్లుడి మాత్రల సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే సాయంత్రానికి చుట్టాలందరికీ చేరుతుంది. "బలానికి" అని మాత్రం అంది.

ఆయన వచ్చిన దగ్గర్నించే మేస్త్రి చెయ్యి మళ్ళీ అదుపు తప్పింది. హాస్టల్లో పన్నెండో గది తాళం తలకిందులుగా బిగించాడు. ఎనిమిదో గదికి మూడు తాళంచెవులు కోశాడు, తొమ్మిదో గదికి ఒక్కటీ కోయలేదు. హాస్టల్ వార్డెన్‌ని పిల్లలు కల్నల్ అంటారు. ఆమె నడిస్తే మెట్లు అటెన్షన్లో నిలబడతాయి. "ఇవాళ పదింటికి ఒక్క తాళంచెవి తేడా వచ్చినా ఈ పనీ పోతుంది, ఏడాది కాంట్రాక్టూ పోతుంది. రోడ్డు అవతల ఇంకో షాపుంది" అని ఆమె అప్పటికే చెప్పేసింది.

"మందు ఒంటికి అలవాటైపోయింది. ఇక పనిచెయ్యదు. ఇవాళ డాక్టరమ్మని డోసు పెంచమనాలి" అన్నాడు మేస్త్రి ఆ పొద్దున, అయిదో రొట్టె ముక్క నములుతూ.

"అదే అడుగుదాం. ఒక్క సంతోషం ఏంటంటే సైడ్ ఎఫెక్టులన్నీ పోయాయి. శుభ్రంగా తింటున్నారు, గురకపెట్టి నిద్రపోతున్నారు" అంది భార్య.

"మరి ఇవాళ్టిది వేసుకున్నానంటావా? వేసుకోనట్టే ఉంది నాకు."

"సీసా ఎలా ఉంది?"

"బోర్లించే ఉంది."

"అయితే వేసుకున్నారు. మూడు వారాలుగా రోజూ ఇదే ప్రశ్న. పదండి పదండి, తొమ్మిదిన్నర అయింది."

మామగారు అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు. "నేనూ వస్తా అల్లుడూ. హాస్టల్‌కి ఏ రంగు వేశారో చూడాలి. నీ సంచి కూడా నేనే సర్దాను."

ఆ సర్దడం ఎలా ఉంటుందో మేస్త్రికి అప్పుడు తట్టలేదు.

కల్నల్ గడియారం చూసుకుంటూ వరండాలో నిలబడి ఉంది. మామగారు గోడని గోటితో గీకి చూసి, పెదవి విరిచి, స్టోర్ రూమ్ ఎక్కడుందో కనుక్కుని అటు వెళ్ళిపోయాడు. మొదటి గది తాళం తిరిగింది. రెండోది తిరిగింది. ఆరు గదులు అయ్యేసరికి కల్నల్ మొహంలో ఒక మడత సడలింది. ఏడో గది తలుపు కీచుమంది.

"ఒక్క నిమిషం మేడమ్. నూనె చుక్క వేస్తే సరి" అన్నాడు మేస్త్రి.

"నేను అడిగింది తాళం."

అప్పటికే అతని చెయ్యి సంచిలో ఉంది. బయటికి వచ్చిన చెయ్యి మోచేతిదాకా నిగనిగలాడింది. నూనె బుడ్డి సంచిలో పద్ధతిగా తలకిందులుగా ఉంది. మూత మాత్రం పైకి చూడటం మానేసి తన బాధ్యత కూడా మానేసింది. తాళంచెవులకి కట్టిన కాగితం చీటీలు నూనెలో నాని, సిరాతో రాసిన నంబర్లు ఊదారంగు మేఘాలైపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

కల్నల్ చూడకుండా తుడిచేద్దామని మేస్త్రి సంచి పట్టుకుని, ఓరగా తెరిచి ఉన్న పదిహేడో గదిలోకి దూరాడు. ఆమె వదులుతుందా? వెనకే వచ్చింది. ఆమె వెనక తలుపు దానంతటదే మూసుకుని టక్కుమంది. ఆ గదికి లోపలివైపు పిడి బిగించడం మేస్త్రి మరిచిపోయాడు. పోయిన మంగళవారం పిడి చేతిలోనే ఉండగా ఫ్యాను ఊగుతోందని స్టూలెక్కాడు. పిడి ఇప్పటికీ ఫ్యాను రెక్క మీదే ఉంది, ఆ సంగతి అతనికి గుర్తులేదు.

"తెరువు" అంది కల్నల్.

"తాళం విప్పే కమ్మీలు స్కూటర్ పెట్టెలో ఉండిపోయాయి. తాళంచెవి పెడితే లోపల్నించి కూడా తెరుచుకుంటుంది మేడమ్. పదిహేడో నంబరుది."

"అయితే పెట్టు."

మేస్త్రి నూనె కారుతున్న గుత్తిని విప్పి నేల మీద పరిచాడు. ఒక్క చీటీ మీద కూడా అంకె లేదు. ఒకదాని తర్వాత ఒకటి దూర్చి చూడటం మొదలుపెట్టాడు. పది అయ్యాక, చూసినవీ చూడనివీ కలిసిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్యలో కిటికీ గొళ్ళెం వదులుగా ఉందని అటు నడిచాడు.

"మేస్త్రీ!"

"వస్తున్నా మేడమ్, ఇది ఊడేలా ఉంది."

"ఊడేది నీ ఉద్యోగం. కూర్చో ఇక్కడ!" అని కల్నల్ చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే నేల మీద కూలబడింది. "చూసినవి నా ఎడమవైపు. చూడనివి కుడివైపు. నువ్వు దూర్చు, నేను అందిస్తా."

అలా ఇద్దరూ అరగంట శ్రమపడ్డారు. కుడివైపు కుప్ప తరిగి ఎడమవైపు పెరిగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. కల్నల్ ఎడమవైపు కుప్పని లెక్కపెట్టింది.

"ముప్పై తొమ్మిది. నలభయ్యోది ఏది?"

మేస్త్రి తల గోక్కున్నాడు. జుట్టుకి నూనె బాగా పట్టింది. "నిన్న ఈ గది తెరిచి అలాగే వదిలేశాను కదా మేడమ్... బయట తాళంలోనే ఉండాలి."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళని కల్నల్ చిన్నప్పటినించీ విన్నదే గానీ, ఆ ఊళ్ళో తనూ ఒక మనిషి అవుతానని అనుకోలేదు.

పిల్లలు సెలవులకి వెళ్ళి హాస్టల్ ఖాళీగా ఉంది, మామగారికి ఫోన్ లేదు. భార్యకి ఫోన్ చేస్తే ఆమె డిపోలో సెలవు చెప్పి పదకొండున్నరకి వచ్చింది. బయట వేలాడుతున్న తాళంచెవి తిప్పి తలుపు తీసింది. గది మధ్యలో తన భర్త, కల్నల్ ఎదురెదురుగా నేల మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరి మోచేతులూ తళతళలాడుతున్నాయి.

"నాలుగింటిదాకా టైము. ప్రతి తాళంచెవికీ నంబరు ఉండాలి. లేదంటే రోడ్డు అవతల షాపు" అని కల్నల్ లేచి వెళ్ళిపోయింది.

స్టోర్ రూమ్‌లోంచి మామగారిని లాక్కుని ముగ్గురూ పన్నెండింటికి డాక్టరమ్మ గదిలో ఉన్నారు. తండ్రి ముందు దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి భార్య మొత్తం చెప్పేసింది. "మందుకి అలవాటు పడిపోయారు డాక్టర్ గారూ. మూడు వారాలుగా బొత్తిగా పనిచెయ్యట్లేదు. ఇవాళ పోతే ఏడాది పని పోతుంది. డోసు పెంచండి."

డాక్టరమ్మ పుస్తకం తిరగేసింది. "ఆకలి: బాగుంది. చాలా బాగుంది. రెండుసార్లు వడ్డించుకున్నాను. నిద్ర: తొమ్మిది గంటలు. నోరు: తడిగానే ఉంది." ఆమె కళ్ళజోడు సవరించుకుంది. అతన్ని బరువు చూసే యంత్రం ఎక్కించింది. మూడు కిలోలు పెరిగాడు.

"అలవాటు పడటం ఉంటుంది. కాదనను. కానీ బాధలన్నీ ఒకే రోజున మూటకట్టుకుని పోవు. అదీ మందుతో పాటు" అంది. "ఖాళీ సీసా తెచ్చారా?"

"తెచ్చాను. ముప్పై మాత్రలు, ఇవాళ్టితో ముప్పై రోజులు" అని భార్య సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఖాళీ సీసా గలగలమంది.

డాక్టరమ్మ మూత తీసి కాగితం మీద ఒంపి, వేలితో రెండేసి జరుపుతూ లెక్కపెట్టింది. ఇరవై ఒకటి.

"మూడు వారాలుగా మీరు ఒక్కటీ వేసుకోలేదు" అంది.

"లేదు లేదు, రోజూ సీసా బోర్లించే ఉంటుంది!" అన్నాడు మేస్త్రి.

సరిగ్గా అప్పుడు మామగారి కుడిచెయ్యి బల్ల మీదికి పాకింది. ఆయన ఎటో చూస్తున్నాడు. చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. డాక్టరమ్మ చేతులు తుడుచుకునే శానిటైజర్ సీసాని ఎత్తి, మూత గట్టిగా బిగించి, బోర్లించి, సరిగ్గా అంచుకి సమంగా జరిపి వదిలింది. ముగ్గురూ ఆ సీసాని చూశారు. తర్వాత ఆయన్ని చూశారు.

"నాన్నా! మాత్రల సీసా కూడా నువ్వేనా?"

"అన్నిటితో పాటే. ఏం?"

"మాత్రలకి అడుగు పట్టడమేంటి నాన్నా!"

"సీసా సీసాయే కదమ్మా. లోపల ఏముందో నాకెవరు చెప్పారు? బలానికన్నావు. బలం అడుగున చేరితే ఎవరికి నష్టం?"

భార్య ఆ మంట భర్త మీదికి మళ్ళించింది. "వేసుకోని మందుకి అలవాటు పడినవాళ్ళు ఈ భూమ్మీద మీరొక్కరే!"

"నేను రోజూ అడిగాను. వేసుకోనట్టే ఉందని మూడు వారాలు మొత్తుకున్నాను. బుర్రని నమ్మొద్దన్నది ఎవరు?" అన్నాడు మేస్త్రి. పెళ్ళయిన పదహారేళ్ళలో అతని జ్ఞాపకం నెగ్గింది ఆ ఒక్కరోజే. అతను దాన్ని తాపీగా అనుభవించాడు.

"పోనీ, ఇప్పుడే రెండు వేసుకోనా? సాయంత్రంలోపు నంబర్లు పెట్టాలి."

"తప్పిపోయిన బస్సు కోసం తర్వాత రెండు బస్సులు ఒకేసారి ఎక్కుతారా?" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు వేసుకుంటే రాత్రి నిద్ర ఉండదు. డోసు పెంచేది లేదు. పెంచి ఉంటే మీ గుండె నన్ను తిట్టేది. ఇన్నాళ్ళు ఆపారు కాబట్టి ఎంతతో మొదలుపెట్టాలో నేను రాసిస్తా. రేపు పొద్దున తిన్నాక వేసుకోండి. వారాల గళ్ళున్న డబ్బా కొనుక్కోండి. పెద్దాయన చెయ్యి అందని చోట పెట్టండి."

అప్పుడే మేస్త్రి ఫోన్ మోగింది. కల్నల్. అతను లేచి నిలబడి మాట్లాడాడు.

"మేస్త్రీ, మీ పెద్దాయన ఎక్కడ?"

మేస్త్రి మామగారి చేతుల వంక చూశాడు. "ఏం చేశారు మేడమ్?"

"మూడేళ్ళుగా ఎవడూ ముట్టుకోని స్టోర్ రూమ్ గంటన్నరలో సర్దాడు. ఎండిపోయిన డబ్బాలు ఒక పక్క, పనికొచ్చేవి ఒక పక్క, మూతలు బిగించి, అన్నీ ఒకే తీరుగా బోర్లించి! ఇలాంటి మనిషి కోసం నేను ఎన్నాళ్ళుగా చూస్తున్నానో తెలుసా? రేపట్నించి స్టోర్‌కి రమ్మను. ఆ తాళంచెవుల నంబర్లు కూడా ఆయన్నే రాయమను, చెరగని రంగుతో. నువ్వు ముట్టుకోకు."

"మరి నా పని?"

"ఆయన వస్తే నువ్వూ ఉండు" అంది కల్నల్, కొసరు వేసినట్టు.

ఫోన్ దాటి గదంతా వినబడ్డ కల్నల్ మాటలు విన్న మామగారు చొక్కా సర్దుకున్నాడు. "చూశావా అల్లుడూ, నేను లేకపోతే నీ గతేంటి?" అన్నాడు. అతన్ని ఆ గతికి తెచ్చింది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు.

వాళ్ళు వెళ్ళిపోయాక డాక్టరమ్మ బల్ల మీద బోర్లించి ఉన్న సీసా వంక చూసి, తను చేతులు శుభ్రం చేసుకుందో లేదో చాలాసేపు ఆలోచించింది.