పడనివాళ్ళకే పతకం

ఈ ఏడాది నుంచి ఊళ్ళో జూడో నేర్చుకునే పిల్లలెవరూ కింద పడరాదని జూడో సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కిందటి పోటీల్లో మన పిల్లలు ఎందుకు ఓడిపోయారో తేల్చమని వేసిన విచారణ కమిటీ, టీలు తాగీ తాగీ చివరికి నిజం రాబట్టింది. పడిపోవడం వల్లే ఓడిపోయారట.

ఇక సంస్కరణలు చకచకా సాగాయి. జూడోలో మొదటి పాఠమే పడడం. గడ్డం గుండెకి ఆనించి, అరచేత్తో చాపని ఫట్‌మని కొట్టి, దెబ్బ తగలకుండా పడాలి. ఆ పాఠం రద్దయింది. మెత్తటి చాపలు పిల్లల్ని పడమని ప్రోత్సహిస్తున్నాయని వాటిని చుట్టి అటకెక్కించారు. ఎదుటివాళ్ళు పట్టుకున్నప్పుడే బ్యాలెన్స్ చెడుతోందని శాస్త్రీయంగా రుజువు కావడంతో ఎదుటివాళ్ళనీ తీసేశారు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడడం ఒక్కటే మిగిలింది. అదే జూడో అన్నారు.

తల్లిదండ్రుల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దెబ్బల్లేవు, ఏడుపుల్లేవు, ఉతికిన బట్టలు ఉతికినట్టే ఉంటున్నాయి. పిల్లలు ఒంటికాలి మీద పళ్ళు తోముకున్నారు, ఒంటికాలి మీదే ఎక్కాలు అప్పజెప్పారు.

చిక్కల్లా బొంగరానికే వచ్చింది. అస్తమానం గిర్రున తిరుగుతుందని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరది. ఆ పిల్లకి నిలబడడం చేతకాదు, ఊరుకోవడం అంతకన్నా చేతకాదు. జట్టులో చోటంటే మాత్రం ప్రాణం. ఇంట్లో పరుపు మీద దొంగచాటుగా పడుతూ లేస్తూ ఉండేది. "పైన ఏం కూలుతోందమ్మా?" అని కింది వాటావాళ్ళు కేకలేసేవాళ్ళు.

ఎంపిక రోజున, అధ్యక్షుడుగారి ప్రసంగం అయ్యేదాకా ఒంటికాలి మీద ఉన్నవాళ్ళకే జట్టులో చోటన్నారు. "నిలకడే జూడో! నిలకడే జాతి! కదలనివాణ్ణి కదిలించేదెవరు?" అంటూ ఆయన మైకుని వదిలితే ఒట్టు. అందరూ కొయ్యబొమ్మ అని పిలిచే కార్యదర్శిగారి మేనకోడలు కనీసం ఆవలించలేదు. "సభకు నమస్కారం" దగ్గరే తూలిన బొంగరానికి నీళ్ళసీసాలు మోసే పని దక్కింది.

పోటీ రోజు మన జట్టు ఎంతో హుందాగా ఒంటికాలి మీద నిలబడింది. అవతలివాళ్ళు కాలరు పట్టుకోగానే అంతే హుందాగా దుంగల్లా కూలింది. నేల తాకేదాకా ఎవరూ భంగిమ మార్చలేదని సంఘం గర్వంగా ప్రకటించింది. ఆఖరున కొయ్యబొమ్మ వంతు వచ్చింది.

"కాలు దింపితే నా రికార్డు పోతుంది. నేను రానంటే రాను," అనేసింది.

కోచ్ చుట్టూ చూశాడు. "వెళ్ళవే బొంగరం! సీసాలు అక్కడ పడెయ్!"

వెళ్ళింది. వెళ్ళగానే పక్కకి పడింది. ఫట్‌మని చాపని కొట్టి లేచింది. మళ్ళీ బోర్లా పడింది, మళ్ళీ లేచింది. ఈసారి అవతలి పిల్ల తన మీదికి తోసుకొస్తుంటే, కాలరు గట్టిగా పట్టుకుని, తనంతట తానే వెనక్కి పడి, పాదం ఆ పిల్ల పొట్టకి ఆనించి తలమీదుగా ఎగరేసింది. ఆ పిల్ల వెల్లకిలా పడింది. జూడోలో ఎదుటివాళ్ళని అలా పడేస్తే గెలిచినట్టే. అబ్బో, బొంగరం గంతులు చూడాలి! జట్టు మొత్తానికి అదొక్కటే గెలుపు.

సన్మానసభలో అధ్యక్షుడుగారు మండిపడ్డారు. "పొరపాటున పడినవాళ్ళని క్షమిస్తాం. ఈ అమ్మాయి కావాలని పడింది!" పతకం కొయ్యబొమ్మ మెడలో వేశారు. మరి పడనిది ఆ పిల్లొక్కతేగా. హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది.

బొంగరం కళ్ళనీళ్ళతో వాళ్ళమ్మ మోచెయ్యి లాగింది. "అమ్మా, గెలిచింది నేనే కదా?"

"నువ్వే తల్లీ, ఎవరు కాదన్నారు?" అంది అమ్మ, చప్పట్లు ఆపకుండానే. "కానీ నలుగురి ముందూ పడ్డావు కదే!"