డబ్బా బరువు

ఆ రోజు ఇన్‌స్పెక్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పెందలాడే భోంచేసి, బజారు వీధి బేకరీలో తనిఖీ ముగించి, వీలైతే ఒక కేసు రాసి, పొద్దుండగానే ఇల్లు చేరడం. ఆయనది తూనికలు కొలతల శాఖ. ఆయన జీపు కనబడితే చాలు, దుకాణదారులు కాటాలు తుడవడం మొదలుపెడతారు.

అలాంటివాడికి నడివయసులో టైప్ వన్ డయాబెటిస్ వచ్చింది. "అది చిన్నపిల్లలకు వచ్చేది కదా బావా" అని బావమరిది నోరు వెళ్లబెడితే, ఏ వయసులోనైనా రావచ్చునట అని చెప్పి ఊరుకున్నాడు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయిందనీ, ఇక తినే ప్రతి ముద్దలో పిండిపదార్థం ఎంతుందో లెక్కగట్టి, అందుకు సరిపడా ఇన్సులిన్ తనే పొడుచుకోవాలనీ డాక్టరు చెప్పింది. ఆ మాట వింటే ఎవరైనా బెంబేలెత్తిపోతారు. ఈయన మాత్రం లోలోపల పొంగిపోయాడు. తూచడం తనకొకరు నేర్పాలా?

ఆ సాయంత్రమే వంటింట్లో ఒక కాటా వెలిసింది. ఖాళీ స్టీలు డబ్బా దానిమీద పెట్టడం, సున్నా మీట నొక్కడం, ఆ తర్వాతే అన్నం పెట్టించడం. ఈ తంతు చూస్తే భార్యకు ఒళ్లు మంట. పెళ్లయిన దగ్గర్నుంచి చేతి అంచనాతో వండి ఇంటిల్లిపాదినీ సాకిన మనిషి ఆవిడ. అందుకే బేకరీ తనిఖీ రోజు పొద్దున ఆయన స్నానం ముగించి వచ్చేసరికి డబ్బా నింపి, మూత బిగించేసింది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఆయనా వాదించలేదు. మూత కూడా తీయకుండా డబ్బాను కాటామీద పెట్టి అంకె చూశాడు. రోజూ వచ్చేదానికి రెట్టింపు దాటింది.

"ఇవాళ ఇంత పెట్టావేంటి?"

"రోజూ పెట్టేంతే పెట్టానండీ."

ఎంత వినయం అనుకున్నాడాయన. పైకి విసుక్కుంటుందే గానీ మనసు నిండా ప్రేమే. కళ్లు చెమర్చాయి. ఆ చెమర్చిన కళ్లతోనే లెక్క వేసుకుని, మధ్యాహ్నం ఆ లెక్క ప్రకారమే ఇన్సులిన్ పొడుచుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. అంత ప్రేమ తిన్నా కడుపు నిండినట్టు లేదేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అదీ జబ్బు లక్షణమే కాబోలని సరిపెట్టుకున్నాడు.

బేకరీ ముందు ఆయన్ను దించి డ్రైవరు డీజిలు పోయించుకోవడానికి వెళ్లాడు. లోపల యజమాని ఒక పెద్దావిడకు కేకు తూస్తున్నాడు, అట్టడబ్బాతో సహా. ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగిపోయింది.

"డబ్బాతో కలిపి తూస్తావా? డబ్బా బరువు ఎవరు తింటారయ్యా?"

అక్కడితో ఆగితే బాగుండేది. మోసానికీ అజాగ్రత్తకీ తేడా లేదనీ, తూచేవాడికి మొదట ఉండాల్సింది సిగ్గనీ చాలాసేపు ఉపన్యసించాడు. తర్వాత కేకు పక్కకు పెట్టించి, వెంట తెచ్చిన తూనికరాయిని కాటామీద పెట్టి, చెయ్యి తీయకుండానే అంకె చూడబోయాడు. అంకె నిలవడం లేదు.

"కాటా వణుకుతోంది. ఇదీ రాసుకుంటాను."

"కాటా కాదు సార్. మీరు వణుకుతున్నారు."

నిజమే. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. ఒంట్లో చక్కెర పడిపోతోందని అప్పటికి వెలిగింది. అలాంటప్పుడు తినడానికని గ్లూకోజు పొట్లాలు సంచిలో పెట్టుకునే తిరుగుతాడు. సంచి జీపులో ఉంది. జీపు బంకులో ఉంది.

"కాస్త పంచదార ఇవ్వవయ్యా."

యజమాని చేతులు జోడించి వెనక్కి జరిగాడు. కిందటి తనిఖీలో టీతోపాటు బిస్కెట్టు ఇవ్వబోయి, లంచం కేసు పెడతానని ఈయనచేతే చీవాట్లు తిన్నాడు. "ఈసారి నేను పడను సార్. మీరడిగినా ఇవ్వను." ఇన్‌స్పెక్టర్ జేబులోంచి నోటు తీసి బల్లమీద పెడితే, అమ్మాలంటే మీ పద్ధతిలోనే అమ్ముతానని అతను తీరిగ్గా కాటా తుడవసాగాడు. ఇక దిక్కులేక ఇన్‌స్పెక్టర్ పెద్దావిడ వైపు తిరిగాడు.

"నాకు షుగరుందమ్మా."

ఆవిడ వెంటనే కేకును తన వైపు లాక్కుంది. "మా ఆయనకీ ఉంది నాయనా. నా కళ్లముందు ఎవర్నీ తీపి ముట్టుకోనివ్వను."

ఇన్సులిన్ ఎక్కువైతే తీపే మందని చెప్పాలనుకున్నాడు. నాలుక తిరగలేదు, మాట ముద్దయింది. అప్పుడాయనకు భయం వేసింది, నిజమైన భయం. ఇంటికి వెళ్లలేనేమో అనిపించింది. హోదా, చట్టం అన్నీ మరిచిపోయి చెయ్యి చాపి కేకును పిడికిట పట్టి తినడం మొదలుపెట్టాడు. ఆ మొహం చూశాక పెద్దావిడకు సంగతి అర్థమైంది. కుర్చీ వెయ్యమని యజమానిని గదిమి, బల్లమీది పళ్లరసం సీసా మూత తీసి తనే ఆయన చేత తాగించింది.

కాసేపటికి చెమట ఆరింది. ఇంటినుంచి ఫోను వచ్చింది. ఇంకా చేతులు వణుకుతున్నాయని యజమానే మీట నొక్కి, స్పీకరు పెట్టి పట్టుకున్నాడు.

"ఏమండీ, పొద్దున మీరు మూతైనా తియ్యకుండా తూచారని ఇప్పుడు గుర్తొచ్చింది. స్టీలు డబ్బా బరువు తీసేశారా?"

యజమానీ పెద్దావిడా ఒక్కసారే అట్టడబ్బా వైపు చూశారు. ఫోనులో భార్య కంగారుపడింది. "మాట్లాడరేం? ఏమైనా తిన్నారా?"

"కేకు తిన్నాను."

"ఎంత?"

"తూచలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆయన జీవితంలో మొదటిసారి.

డ్రైవరు సంచి తెచ్చాక వేలు పొడుచుకుని చూసుకున్నాడు. చక్కెర మెల్లగా పైకొస్తోంది. మళ్లీ దిగకుండా ఇంకాసేపు అక్కడే కూర్చోక తప్పలేదు. కేసు రాద్దామంటే సాక్ష్యం కడుపులో ఉంది. పైగా తూచేవాడికి మొదట ఉండాల్సిందేమిటో చెప్పింది తనే. తలెత్తకుండా బిల్లు ఎంతని అడిగాడు.

యజమాని ఖాళీ అట్టడబ్బాను కాటామీద పెట్టి, అంకె చూసి, బిల్లు రాసి వినయంగా అందించాడు.

"డబ్బా బరువు తీసేశాను సార్. అది మీరు తినలేదు కదా."