ద పాండ్స్‌ను కనుగొన్న చలపతి గారు

సిడ్నీ శివార్లలోని ద పాండ్స్ అనే పేటను కనుగొన్నది చలపతి గారేనని మా తెలుగు సంఘం కార్యవర్గం గత నెల ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రవేశపెట్టినవారు అధ్యక్షులు చలపతి గారు. బలపరిచినవారు వారి శ్రీమతి రత్నకుమారి గారు. సంయుక్త కార్యదర్శిని కావడం వల్ల మినిట్స్ రాసే భాగ్యం నాకు దక్కింది.

ఆధారాలు బలంగానే ఉన్నాయి. రెండు వేల తొమ్మిది ఫిబ్రవరిలో చలపతి గారు ఇప్పుడు తమ ఇల్లున్న చోట కారు దిగి, నాలుగు వైపులా చూశారు. నరమానవుడు లేడు. "ఒక్క కంగారూ నిలబడి ఉందయ్యా. నన్ను చూసి అదే తప్పుకుంది," అని వారు కమిటీకి వివరించారు. నేల ఖాళీ అని అక్కడికక్కడే తేల్చుకుని, సాయంత్రానికల్లా అడ్వాన్స్ ఇచ్చేశారు.

ఈ చరిత్రను నల్లరాతి మీద చెక్కించి, పేటలోని వాగు ఒడ్డున మంత్రిగారి చేత ఆవిష్కరింపజేయాలని సంకల్పం. కీర్తి మీద చలపతి గారికి మోజు లేదు. వారికి కావలసింది కౌన్సిలర్ టికెట్ మాత్రమే. పార్టీ లిస్టులో మిగిలింది ఇద్దరు. రెండో ఆయన వాసుదేవరావు గారు.

దురదృష్టవశాత్తూ వాసుదేవరావు గారు కూడా ద పాండ్స్‌ను కనుగొన్నవారే. తాను పదకొండు వారాల ముందే అడ్వాన్స్ ఇచ్చాననీ, రసీదు కూడా ఉందనీ ఆయన వాదన. అడ్వాన్స్ ఇస్తే కనుగొన్నట్టా, కాలు పెడితే కనుగొన్నట్టా అని కమిటీ మూడు ఆదివారాలు చర్చించింది. చివరికి, ముందుగా పాలు పొంగించినవారే కనుగొన్నవారని అధ్యక్షులు రూలింగ్ ఇచ్చారు. వాసుదేవరావు గారి గృహప్రవేశం మూఢం వల్ల నాలుగు నెలలు ఆలస్యమైంది.

అంతలో మంత్రిగారి ఆఫీసు నుంచి ఒక షరతు వచ్చింది. ఈ దేశపు మర్యాద ప్రకారం సభకు ముందు ఆ నేల అసలు ప్రజల్లోంచి ఒక పెద్ద వచ్చి అందరికీ స్వాగతం చెప్పాలి. ఆ పెద్దతో ఫొటో ఉంటేనే మంత్రిగారు వస్తారు. మంత్రిగారు వస్తేనే టికెట్.

"అసలు ప్రజలంటే ఎవరోయ్?" అన్నారు చలపతి గారు.

"దారుగ్ జనం సార్. మనకంటే ముందునుంచి ఉన్నవాళ్ళు."

"వాసుదేవరావు కంటే కూడానా?"

"వేల ఏళ్ళ ముందునుంచి సార్."

చలపతి గారి ముఖం వికసించింది. "అయితే ఆ పాయింట్ మినిట్స్‌లో ఎక్కించు. వాసుదేవరావు ఫస్ట్ కాదని తేలిపోయింది."

డోరీన్ ఆంటీ అనే దారుగ్ పెద్దావిడకు మెయిల్ రాశాను. పారమట్టాలో నర్సుగా చేసి రిటైరయ్యారు. వస్తానన్నారు. చలపతి గారు ఉదారంగా నాలుగు నిమిషాలు కేటాయించారు. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి ఆహ్వానాలు, పిల్లల డ్యాన్సులు సర్దుబాటు చేశాక అది ఒకటిన్నర నిమిషం అయింది.

సభ శనివారం రెండు గంటలకని కార్డులో వేశాం. మన సభ కాబట్టి ఆ టైముకి నేనూ, కుర్చీలు వేసేవాళ్ళూ తప్ప ఎవరూ లేరు. సరిగ్గా రెండింటికి బస్సు దిగి ఒక ముసలావిడ వచ్చారు. తెల్లటి మనిషి. నీలం స్వెట్టరు, కళ్ళజోడు. కౌన్సిల్ నుంచి చెత్తడబ్బాల తనిఖీకి వచ్చారనుకుని, అవి ఎక్కడున్నాయో చూపించి, చివరి వరసలో కుర్చీ వేశాను. ఆవిడ ఏదో చెప్పబోయారు. నాకు మైకు పని ఉంది. ఆవిడే డోరీన్ ఆంటీ అని అప్పటికి నాకు తెలియదు. ఆ ప్రజలు ఎలా ఉంటారో నేను ఎయిర్‌పోర్టులో కొన్న క్యాలెండర్‌లో చూసి ఉన్నాను. తరాలుగా తెల్లవాళ్ళతో కలిసిపోయి వాళ్ళల్లో తెల్లగా ఉండేవాళ్ళూ ఉంటారని ఆ క్యాలెండర్‌లో లేదు.

మూడున్నరకు నాలుగు వందల మంది జనమూ, మంత్రిగారూ ఒకేసారి వచ్చారు. మంత్రిగారి మీడియా సలహాదారు కారు దిగుతూనే పెద్దగారెక్కడ అని అడిగింది. చలపతి గారు నా వైపు చూశారు. నేను గేటు వైపు చూశాను. ఆమె మాత్రం వాగు వైపు చూసింది. అక్కడ ఒక వృద్ధుడు చెట్టుకు ఆనుకుని నీళ్ళను చూస్తూ కూర్చున్నారు. నల్లటి ఒళ్ళు, గుండెల దాకా తెల్ల గడ్డం, చెప్పుల్లేని కాళ్ళు. ఆమె వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, భక్తిగా ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆయన రామచంద్ర గారు. వాసుదేవరావు గారి నాన్నగారు. విజిటర్ వీసా మీద పార్వతీపురం నుంచి వచ్చి రెండు వారాలైంది. కొత్త చెప్పులు కరుస్తున్నాయని విప్పి కూర్చున్నారు.

చలపతి గారు నోరు తెరిచారు. అప్పటికే మంత్రిగారు రామచంద్ర గారి ముందు తల వంచి నిలబడ్డారు. కెమెరాలు మెరిశాయి. చలపతి గారు నోరు మూసుకుని, శాలువా అందుకుని, స్వహస్తాలతో ఆయనకు కప్పారు. వెంటనే వాసుదేవరావు గారు వచ్చి వారి చెవి దగ్గర చేరారు. నేను ఆ పక్కనే ఉన్నాను.

"చలపతి గారూ, ఈయన మా నాన్న అని మైకులో అనౌన్స్ చెయ్యమంటారా? లేకపోతే రాయి మీద నా పేరు వేయిస్తారా?"

"రాయి చెక్కేశారు కదండీ."

"ఇంకోటి పెట్టండి."

"చిన్నది పెడతాం."

"ఇదే సైజు."

"సరే, ముందు ఆయన్ని స్టేజి ఎక్కించండి."

పదిహేనేళ్ళ వైరం ఆ విధంగా సమసిపోయింది.

రామచంద్ర గారు డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు ఏజెన్సీ కొండల్లో భూములు కొలిచారు. మైకు ఇస్తే వద్దనే అలవాటు లేదు.

"వాగు పక్కన ఇన్ని ఇళ్ళు కట్టీసినారు, ఎవుడి రికార్డు చూసి కట్టినారు?" అని మొదలుపెట్టారు. "నా సర్వీసులో ఇలాటివి శానా చూసినాను. కొండల మీద సవరోళ్ళు తాతల నాటి నుంచి దున్నుకుంతంటే, మేం ఎల్లి ఖాళీ భూమని రాసీసీవోళ్ళం. సంతకం నేనే పెట్టీవోణ్ణి. ఆళ్ళు అలా నిలబడి సూసీవోళ్ళు. ఇప్పుడు నిద్దర్లో కూడా అలాగే నిలబడి సూస్తన్నారు."

నాలుగు వందల మంది తెలుగువాళ్ళు ఊపిరి బిగబట్టి విన్నారు. తరువాత చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. అరవై వేల ఏళ్ళ నాటి భాష తొలిసారి తన చెవిన పడిందనీ, ఒక్క ముక్క తెలియకపోయినా అంతా అర్థమైందనీ ప్రకటించి, రాయి మీది గుడ్డ లాగారు.

వెళుతూ వెళుతూ మంత్రిగారు చివరి వరసలోని ముసలావిడకు కూడా చెయ్యి కలిపి, ఈ ప్రాంతంలో ఎన్నాళ్ళుగా ఉంటున్నారని ఆప్యాయంగా అడిగారు.

"కొంతకాలంగా," అన్నారావిడ.

తరువాత ఆవిడ నా దగ్గరకొచ్చి ఆహ్వానపత్రిక చూపించారు. అందులో పేరు చదివాను. తన ఒకటిన్నర నిమిషం ఎప్పుడని ఆవిడ అడిగారు. మైకు అద్దెకు తెచ్చింది, అప్పటికే వ్యానెక్కింది.

మంగళవారం టికెట్ ప్రకటించారు. వాసుదేవరావు గారికి.

సభ ముగిశాక ఆయన వంగి నాన్నగారి కాళ్ళకు చెప్పులు తొడగడం, మా నాన్న అని ఎవరికో చెప్పడం మీడియా సలహాదారు చూసిందట. అటు ఆదిమ ప్రజల బిడ్డ, ఇటు భారతీయ సమాజానికి నాయకుడు ఒకే మనిషిలో దొరకడం చారిత్రకమని పార్టీ ప్రకటనలో ఉంది. చలపతి గారు ఆవేశంగా ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు. పేపర్లో వచ్చిన ఫొటో మరోసారి చూసుకున్నారు. శాలువా కప్పుతున్న చేతులు వారివే. లేచి, ఫోన్ తీసి, వాసుదేవరావు గారికి అభినందనలు తెలిపారు.

ఒక్క లాంఛనం మిగిలింది. అభ్యర్థి తమవాడేనని ఆ ప్రజల పెద్ద ఒకరు ధ్రువీకరించే ఫారం. వాసుదేవరావు గారు కాజూ బర్ఫీ పెట్టెతో, నన్ను వెంటపెట్టుకుని డోరీన్ ఆంటీ ఇంటికి వెళ్ళారు.

"జస్ట్ ఒక సంతకం ఆంటీ. ఫార్మాలిటీ."

ఆవిడ మాకు టీ ఇచ్చారు. ఫారం రెండు పేజీలూ నిదానంగా చదివి, మడతపెట్టి వెనక్కి ఇచ్చారు.

"నా కోసం నేనూ ఇచ్చాను ఈ ఫారం. మూడేళ్ళయింది, ఇంకా తేలలేదు. మా అమ్మమ్మ ఇక్కడే పుట్టిందని రుజువు తెమ్మంటున్నారు."

వాసుదేవరావు గారిది, పెద్ద సంతకం చోట రామచంద్ర గారి సంతకంతో, శుక్రవారానికల్లా మంజూరై వచ్చింది.