మా ఆవిడ సీటు కింద డబ్బా

సంతోష్‌నగర్‌లో నన్ను సర్క్యూట్ సదాశివ అంటారు. పాతికేళ్లుగా టీవీలు, మిక్సీలు బాగుచేస్తున్నాను. కొన్ని బాగవుతాయి కూడా.

మా ఆవిడ అలివేలు ఇడ్లీ పిండి రుబ్బి, పాత వ్యానులో ఛత్రినాక దాకా దుకాణాలకు వేసి వస్తుంది. వ్యాను తనే నడుపుతుంది. నాకు డ్రైవింగ్ రాదు. పక్కన కూర్చోవడమే కష్టపడి నేర్చుకున్నాను.

ఆ వ్యానుకో జబ్బు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజన్ ఆగిపోయేది. సిగ్నల్ దగ్గర ఆగామంటే వెనకున్న బస్సులూ ఆటోలూ కలిసి హారన్లతో మా వంశాన్నంతా తలుచుకునేవి.

"ఐడిలింగ్ పోయిందట, ఊకె నిలబడితే ఇంజన్ నడుస్తలేదు. కమాల్ భాయ్‌కి చూపిస్త" అంది అలివేలు. కమాలుద్దీన్ మా వీధి చివరి మెకానిక్.

"ఇంట్ల నేనుండంగ మెకానిక్ ఎందుకే?"

"నువ్వున్నవ్ గద, ఇంట్ల ఐడిలింగ్ మస్తుంది. బండిలనే లేదు."

ఆ మాట నా రోషానికి తగిలింది. వారం రోజులు కూర్చుని ఒక డబ్బా తయారుచేశాను. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో ఒక తీగ దానికి చెబుతుంది. వేగం తగ్గితే డబ్బాలోని చిన్న మోటారు యాక్సిలరేటర్‌ను కాస్త లాగుతుంది. అంతే. ఆదివారం ఆమె వ్యాను తాళాలు ఇంట్లో వదిలి, ఆటోలో కంచన్‌బాగ్‌లో చెల్లెలింటికి పోయిన సమయం చూసి, డ్రైవర్ సీటు ఎత్తి, కిందున్న ఇంజన్ పక్కన బిగించేశాను.

సోమవారం ఒక్క సిగ్నల్‌లోనూ ఇంజన్ ఆగిపోలేదు. సాయంత్రం ఛాతీ విరుచుకుని అసలు సంగతి చెప్పాను.

"నువ్వు చేసినవా? మంచిగుంది" అంది అలివేలు.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా పనితనానికి దక్కిన మొదటి మెప్పు అది. దాని ఆయుష్షు ఒక్క రోజు.

మంగళవారం మధ్యాహ్నం దుకాణంలో అలాంటిదే రెండో డబ్బా చేసి చూస్తున్నాను. తీగ ఊడింది. వెంటనే మోటారు సాంతం లాగేసి, ఇక వదలలేదు.

అప్పుడు అర్థమైంది. తీగ ఊడితే, ఇంజన్ చచ్చిపోతోందని డబ్బా కంగారుపడుతుంది. యాక్సిలరేటర్ మొత్తం తెరిచేస్తుంది. వ్యానులో ఆ తీగను నేను సోల్డర్ చెయ్యలేదు. తొందరలో మెలిపెట్టి టేపు చుట్టాను. ఒక్క గతుకు చాలు, వ్యాను దానంతటదే దూకుతుంది. లోపల అలివేలు ఉంటుంది.

ఇంటికి పరిగెత్తాను. ఆమె భోజనానికి కూర్చోబెట్టింది.

"అలివేలూ..."

"ఏంది?"

"చారు మంచిగుంది."

"ఇయ్యాల చారు చెయ్యలే."

చెప్పలేకపోయాను. దొంగతనంగా తీసేద్దామంటే, పనిరోజుల్లో వ్యాను తాళాలు ఆమె నడుముకే ఉంటాయి. అడిగితే ఎందుకంటుంది. బుధవారం పొద్దున ఆమె కంటే ముందే వెళ్లి వ్యాను పక్కన నిలబడ్డాను.

"నేను గూడ వస్త."

"దుకాణం?"

"టీవీలు ఏడికి పోతయ్?"

ఆ వీధుల్లో అన్ని గతుకులున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. ప్రతి గతుక్కీ ఆమె సీటు పట్టుకునేవాణ్ణి.

"నా సీటెందుకు పట్టుకుంటున్నవ్?"

"ప్రేమ."

"చెయ్యి తియ్. గేరు పడ్తలేదు."

గురువారం కూడా వెళ్లాను. ఇంజన్ కాస్త గొంతు పెంచితే నా చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదికి పోయేది. శుక్రవారానికి నా రెండు చొక్కాలు చెమటకే చిరిగాయి.

శుక్రవారం ఛత్రినాక మార్కెట్. జనం మధ్య వ్యాను మెల్లగా పాకుతోంది. ముందు టమాటల బండి, దాని పక్కన చంకలో పసిపిల్లతో ఒకావిడ. అప్పుడే వినిపించింది, చెవులు పగిలేలా ఇంజన్ మోత!

"అలివేలూ, దుంకు!" అని అరిచి, రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగేశాను.

వ్యాను గక్కున ఆగింది. పిండి ఆగలేదు. రెండు బకెట్లు వెనక నుంచి ఎగిరొచ్చి నా నెత్తిమీద బోర్లపడ్డాయి. పిండి కారుతున్న కళ్లతోనే మొత్తం కక్కేశాను. తీగ, టేపు, చారు, అన్నీ.

మోత మాత్రం ఆగలేదు. సైలెన్సర్ పగిలిన బైకొకటి మా పక్క నుంచి దర్జాగా వెళ్లిపోయింది.

"డబ్బా లేదు" అంది అలివేలు మెల్లగా. "నువ్వు చేసినవన్నవని చూపిస్తే, మంగళారం పొద్దుగాలనే కమాల్ భాయ్ పీకేసిండు. 'భాభీ, గీ తీగ ఊడితే బండి ఉరుకుతది' అన్నడు. కార్బురేటర్ల కచరా ఉండె, సాఫ్ చేసిండు. ఇంజన్ ఆగుడు అందుకేనట."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మూడు దినాలైంది నా సీటు పట్టుకోవట్టి. నీకు గూడ ఎర్కైందని సమజైంది. ఎప్పుడు చెప్తవో అని చూస్తున్న."

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వడం లేదు.

"నా పానం పోతదని ఎర్కుండి, నోరు తెర్వలే నువ్వు."

"అందుకే గద... పక్కన కూసున్న."

అలివేలు కొంగుతో నా కళ్ల మీది పిండి తుడిచింది.

"చెప్పనీకి భయం. పక్కన కూసొని సావనీకి భయం లేదు. ఏం మనిషివయ్యా నువ్వు!"

వ్యాను దిగి, బకెట్లు ఎత్తుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం నన్ను కమాల్ భాయ్ షెడ్డులో దింపి పోతుంది. స్పానర్లు అందించడం, గుడ్డతో తుడవడం నా పని. మొన్న మొదటిసారి ఒక స్క్రూ తిప్పమన్నాడు. ఆ రోజు అలివేలు పోలేదు, వెనక నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. ఎటు తిప్పాలో ముందు అడిగి, పావు చుట్టే తిప్పాను.