కొల్లేట్లో క్రేన్లు

పక్షి అన్నాక గుడ్డులోంచి పుడితే చాలదు, యాప్‌లో కూడా పుట్టాలి. జలపక్షుల గణన విభాగం వారి ఈ సూత్రాన్ని శిరసావహించి, ఏలూరు నుంచి వచ్చిన సుమన కొల్లేటికోటలో జాలరి వరదానం పడవెక్కి, పొద్దున్నే పదకొండు పెద్ద కొంగలను లెక్కపెట్టింది. యాప్‌కి తెలుగు రాదు (ఇంగ్లీషు వచ్చనడానికీ రుజువు లేదు). అందుకని "క్రేన్, 11" అని కొట్టింది.

నాలుగో రోజున నోటీసొచ్చింది. అభయారణ్యంలో పదకొండు క్రేన్లు ఎవరి అనుమతితో దిగాయి? రిజిస్ట్రేషన్ నంబర్లేవి? డ్రైవర్లకు లైసెన్సులున్నాయా? వారంలోగా జవాబివ్వకపోతే ఆమె కాంట్రాక్టు ఉద్యోగం రద్దు.

సుమన ఆ మధ్యాహ్నమే వెళ్లి ఉప గణనాధికారి హనుమంతరావు ముందు నిలబడింది.

"అవి కొంగలండీ."

"క్రేనని మీరే రాశారు కదమ్మా."

"ఇంగ్లీషులో ఆ పేరు ముందు కొంగదేనండీ. బరువులెత్తే యంత్రం మెడ చాచిన కొంగలా ఉందని దానికీ అదే పెట్టారండీ."

ఎమ్మే ఇంగ్లీషు చదివినందుకు ఇన్నాళ్లకి ఉపయోగం కలిగిందనుకుంది. హనుమంతరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పేరు వాడుకోడానికి కొంగ నిరభ్యంతర పత్రం ఇచ్చిందా అమ్మా?"

తనిఖీకి ఆయన స్వయంగా కొల్లేటికోట వచ్చారు. నీళ్ల మీద ఏమీ లేదు.

"ఎగిరిపోయాయండీ," అన్నాడు వరదానం.

"పదకొండు క్రేన్లూనా?"

"అవునండీ. ఒకదాని వెనకాల ఒకటండీ."

"పరారీ" అని రాసుకున్నారు హనుమంతరావు.

మూడు సమావేశాల తర్వాత (అందులో ఒకటి టీ చల్లారిందని వాయిదా పడింది) సర్క్యులర్ వెలువడింది: ఇకపై అభయారణ్యం హద్దుల్లో క్రేన్ అనగా పక్షి మాత్రమే. సుమన ఉద్యోగం నిలిచింది. తాడేపల్లిగూడెంలో ఉన్న అక్కకు ఫోన్ చేసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

పక్షం తిరక్కుండా వరదానం ఫోన్ చేశాడు. "అమ్మగారూ, ఎవరో కొల్లేట్లో చేపల చెరువుకి గట్టేస్తున్నారండీ. తూము గొట్టాలు దించడానికి రెండు క్రేన్లొచ్చాయండీ. నా వలలన్నీ వాటి కింద నలిగిపోయాయండీ."

ఆమె ఫిర్యాదు పంపింది. గంటలో జవాబొచ్చింది: క్రేన్లు రక్షిత జీవులు. వంద మీటర్ల లోపుకు వెళ్లరాదు, చప్పుడు చేయరాదు. గూళ్లు కట్టుకునే కాలం. కొత్తగా వచ్చిన రెంటినీ తక్షణం లెక్కలో చేర్చవలెను.

సుమన మర్నాడు కొల్లేటికోట వెళ్లి, వరదానం మొహం వైపు చూడలేక, ఫోను వైపే చూస్తూ పడవలో కూర్చుంది. తర్వాత "క్రేన్, 2" అని కొట్టింది. ఆహారం అన్నచోట డీజిల్ అని రాసింది.

యాప్ ధన్యవాదాలు తెలిపింది.