మయూరి చదివిన ఇరవై ఆరు పుస్తకాలు

ఆ శనివారం ఉదయానికి కమల వేసుకున్న పథకం చిన్నది. అయిదు రోజులకొకసారి వచ్చే నీళ్లు పట్టుకోవాలి. జొన్నలు పిండి గిర్నీలో ఇచ్చి, అవి పిండయ్యేలోపు పక్కనే, ఆ మరాఠీ ఊళ్లో తెలుగువాళ్లు నడిపే గ్రంథాలయం నుంచి ఒక నవల తెచ్చుకోవాలి. నీళ్లు వచ్చాయి. జొన్నలు పిండయ్యాయి. నవల దగ్గరే చిక్కు వచ్చింది.

కమలకు కావలసింది ఈ లోకంలో జరగని కథ. బి.ఏ. చదివే రోజుల నుంచీ ఆమెకు రాకెట్లన్నా, మాయలన్నా, పటంలో లేని దేశాలన్నా ఇష్టం. అయితే అది పెద్దవాళ్ల కోసం రాసినదై ఉండాలి. కుందేలు మాట్లాడితే చాలదు, మాట్లాడిన దాంట్లో విషయం ఉండాలి. పుస్తకాలిచ్చే రామన్న మాత్రం మూడేళ్లుగా ఆమెకు అత్తాకోడళ్ల నవలలే తీసి పెడుతున్నాడు.

"అత్తాకోడళ్లు మా ఇంట్లనే ఉన్నరు రామన్నా. గా అద్దాల బీరువల నాలుగు లావు పుస్తకాలున్నయి, అవేంది?"

"ఏడు చంద్రుల ఓడ అని, నాలుగు భాగాలు. అది పిల్లల బీరువ వైనీ," అన్నాడు రామన్న వదిన వరస కలుపుతూ.

"ఒక్కొక్కటి నాలుగు వందల పేజీలుంది. పిల్లలు చదువుతరా?"

"చదువుతరో లేదో నాకేం ఎరుక. ఆకాశంల తిరిగేటివన్నీ పిల్లలయే. అధ్యక్షులు పెంటప్ప సాహేబు రాసిన రూలు. పన్నెండేళ్ల లోపు మెంబరు పేరు మీదనే ఇయ్యాలె."

కమల మొదటి భాగం తీయించి ఒక పేజీ చూసింది. ఓడ నాయకురాలు, యాభై రెండేళ్ల మనిషి, నిద్రలేచి, నక్షత్రాల కంటే ముందు తన మోకాళ్లను పరీక్షించుకుంటోంది. ఈ పుస్తకం పన్నెండేళ్ల వాళ్లది కాదని కమలకు ఆ ఒక్క వాక్యంతో తెలిసిపోయింది. ఎలాగైనా చదవాలి. కానీ సొంత కూతురు కావ్యకు పందొమ్మిదేళ్లు. ఆ పిల్లను పన్నెండుకు దించడం ఎవరి వల్లా కాదు.

ఆమె ఇంటికి వచ్చేసరికి పక్కింటి గుమ్మంలో సీతాబాయి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన ఎనిమిదేళ్ల మనవరాలు మయూరి దారం ఉండతో ఆడుకుంటోంది.

"అత్తా, మీ మయూరిని శనివారం శనివారం నాకొక గంట ఇస్తవా? దాని పేరు మీద పుస్తకాలు తీస్కుంట."

"దానికి తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మరాఠీ బడికి పోతది."

"చదివేది నేను. నాకు దాని వయసు ఒక్కటి చాలు."

సీతాబాయి బీడీకి దారం చుట్టి తెంపింది. "మరి నాకేం ఇస్తవ్? చేతులకు పనుంటది గానీ చెవులు ఖాళీగనే ఉంటయి. చదివిన కథ రోజు నాకు చెప్పాలె. మధ్యల ఇడిచిపెట్టొద్దు."

బేరం కుదిరింది. శనివారం శనివారం మయూరి రిజిస్టరులో మరాఠీ అక్షరాలతో సంతకం పెట్టేది, రామన్న తలకాయ ఊపేవాడు, కమల పుస్తకం సంచిలో వేసుకునేది. సాయంత్రం తునికాకు కత్తిరించే చప్పుడు మధ్య కథ సాగేది. మూడో భాగం చివర్లో నాయకురాలు మొగుణ్ణి ఆరో చంద్రుడి మీద వదిలేసి ఓడతో వెళ్లిపోయింది. ఎందుకన్నది నాలుగో భాగంలోనే ఉంది.

నాలుగో భాగం బీరువాలో లేదు.

"విశాల్ అని పిల్లల మెంబరు తీస్కపోయిండు," అన్నాడు రామన్న.

"ఏ ఇంటి పిల్లగాడు?"

"మెంబరు ఇల్లు చెప్పొద్దని రూలు."

కమల రెండు నెలలు ఎదురుచూసింది. ఆగలేక వారానికి మూడేసి చొప్పున బీరువాలో మిగిలినవన్నీ చదివేసింది. తాముండే నీలం నగర్‌లో తొమ్మిది మంది విశాల్‌లను ఆపి అడిగింది. అందులో ఇద్దరు చంద్రుడు ఒక్కడేనని వాదించారు. ఒకడు ఏడ్చాడు. ఇటు సీతాబాయీ ఊరుకోలేదు. "మొగుణ్ణి ఊకనే ఎవరు ఇడుస్తరు? ఏదో చేసే ఉంటడు," అని రోజుకొక కారణం కల్పించి ఆ మొగుణ్ణి తిట్టసాగింది.

ఇంతలో రామన్న వార్షిక నివేదిక రాయడానికి కూర్చుని రిజిస్టరు లెక్క చూశాడు. అందరికంటే ఎక్కువ చదివింది మయూరి. నాలుగు నెలల్లో ఇరవై ఆరు పుస్తకాలు. మరాఠీ బడి పిల్ల ఇన్ని తెలుగు పుస్తకాలు చదివిందని పెంటప్ప కళ్లు తుడుచుకుని, వార్షికోత్సవంలో సన్మానం ప్రకటించాడు. కొంతం చౌక్‌లో మయూరి ఫొటోతో ఫ్లెక్సీ వెలిసింది. మయూరి పంతులమ్మ వస్తానంది. సీతాబాయితో పాటు బీడీలు చుట్టే ఆడవాళ్లందరూ ఆ రోజు పని మానుకున్నారు.

నిజం చెప్పేద్దామని కమల రెండుసార్లు చెప్పులు తొడుక్కుంది. చెబితే మయూరి మెంబరు కార్డు పోతుంది. కార్డు పోతే నాలుగో భాగం ఈ జన్మకు దొరకదు. రెండుసార్లూ చెప్పులు విప్పేసి, సభలో చదవమంటే ఉంటుందని మూడో భాగం మొదటి పేరా మయూరికి వారం రోజులు బట్టీ పట్టించింది.

సభలో పెంటప్ప సన్మానంగా మయూరికి టవలు కప్పాడు. మూడో భాగం చేతికిచ్చి, తానే చివరి పేజీ తెరిచాడు. "గీ పేజీ చదువు బిడ్డా. మస్తుంటది."

మయూరి పేజీ వైపు చూసింది. కమల వైపు చూసింది. పుస్తకం మూసేసింది. "చదువుడెందుకు ఆజోబా? నేనే చెప్త." తాతను దాటి మైకు దగ్గరికి జరిగింది. "ఒక కాప్టన్ బాయి ఉంటది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆమె మొగుడు ఏం పని చేయడు. నీళ్లొచ్చే రోజు లేవడు. ఆకు తెమ్మంటే తేడు. ఒకరోజు ఆమె ఓడ ఆపి, ఉతర్ ఖాలీ, దిగు కిందికి అన్నది. ఆరో చంద్రుని మీద దింపి, లౌకర్ లౌకర్, జల్ది పోయింది."

బీడీల ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పెంటప్ప తట్టుకోలేకపోయాడు.

"గట్ల కాదు బిడ్డా. గా మనిషిని గట్ల అనొద్దు. ఓడల గాలి ఒక్కరికే సరిపోతదని తెలిసి ఆయనే..."

"ఆగుండ్రి మామా." వెనక వరుసలో కమల లేచి నిలబడింది. "చెప్పకుండ్రి. నేనింకా నాలుగో భాగం చదవలే."

హాలంతా వెనక్కి తిరిగింది. తన నోటితో తానే ఏం ఒప్పుకుందో కమలకు అప్పుడు అర్థమైంది. రామన్న ఆమె వైపు చూసి, తర్వాత తీరిగ్గా అధ్యక్షుడి వైపు తిరిగాడు.

"సాహేబు, నాలుగో భాగం విశాల్ దగ్గర గదా ఉన్నది. అండ్ల ఏమున్నదో మీకెట్ల ఎరుక?"

ముందు వరుసలో పెంటప్ప కోడలు ఒళ్లోని అయిదు నెలల పిల్లవాడిని చూసుకుంది. "విశాల్ మావోడే. వీని బొటనవేలికి సిరా ఎట్ల అంటిందో ఇయ్యాల తెలిసింది," అంది.

"రిజిస్టరుల వేలిముద్ర చూసి, సంతకం రాని పిల్లగాడనుకున్న," అన్నాడు రామన్న.

సీతాబాయికి ఇవేవీ పట్టలేదు. "అయితే ఆయనే దిగిండన్నట్టు. అయ్యో, రెండు నెలల సంది తిట్టిన," అని ముక్కు మీద వేలేసుకుంది.

పెంటప్ప మైకు పక్కకు జరిపి, వేదిక దగ్గరికి వచ్చిన కమలతో గొంతు తగ్గించి అన్నాడు. "రెండోసారి చదువుతున్నమ్మా. ఇంక ముప్పై పేజీలే. ఆదివారం పంపుత."

"గీ పొద్దుకే పంపుండ్రి మామా. లేకుంటే గా రూలు ఎవరు రాసిన్రో మైకుల అడుగుత."

దీపాలు పెట్టేవేళకు పుస్తకం కమల ఇంటికి చేరింది.

మరుసటి వారం కార్యవర్గం కూర్చుని, పెంటప్ప ప్రతిపాదన మీద ఆ బీరువాను పెద్దల బీరువాగా మార్చింది. పన్నెండేళ్ల లోపు వారికి ఇవ్వరాదని రామన్న దానికి చీటీ కూడా అంటించాడు. సరిగ్గా అప్పుడే మయూరికి అనుమానం వచ్చింది, నాలుగో భాగం చెప్పేటప్పుడు తను కాకూ అని పిలిచే కమల కొన్ని పేజీలు దాటేస్తోందని. ఆ పట్టుదలతో రెండు నెలల్లో తెలుగు అక్షరాలు నేర్చేసుకుంది.

ఇప్పుడు మయూరి కమల పేరు మీద పుస్తకాలు తీసుకుంటోంది.