స్టాండు లేని సైకిలు

ఆ ఉదయం కొండపల్లిలోని ఆ ఇంట్లో తాతయ్య సొలొమోను, నాయనమ్మ శౌరమ్మ, మనవరాలు కృప, దేశాలు తిరుగుతూ ముందురోజే చర్చి వాళ్ళ పరిచయంతో దిగిన శ్రీలంక అమ్మాయి నిలూక ఉన్నారు. నిలూక సైకిలు కూడా ఉంది. దానికి జెండా ఉంది, సంచులున్నాయి, స్టాండు మాత్రం లేదు. గోడకి ఆనిస్తే బరువుకి ఒరిగిపోతోందని రాత్రంతా మంచానికి కట్టేశారు.

ఆ రోజు పని చిన్నదే. నిలూకకి పాత బుద్ధ విగ్రహాలంటే ప్రాణం. కృప తోడు వెళ్ళి, విజయవాడ మ్యూజియంలో వాటి సంగతులు ఇంగ్లీషులో చెప్పాలి. బెజవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని కృప ఆశ. ఇంటికెవరొచ్చినా తలుపు చాటుకి పోయే పిల్లని హాస్టల్లో ఎలా వెయ్యాలని తాతయ్య బెంగ.

"నలుగురి ముందు నోరిప్పి నాలుగు ముక్కలు మాట్లాడు. ఆ వీడియో నాకు పంపించు. అప్పుడు చూద్దాం హాస్టలు సంగతి," అన్నాడాయన. వీడియో తియ్యమని నిలూకకీ సైగలతో చెప్పి, తన ఫోను నంబరిచ్చాడు.

శౌరమ్మకి చరిత్ర పట్టలేదు. మోకాళ్ళు కనపడే నిక్కరుతో ఆడపిల్ల బెజవాడ ఎట్టా పోద్దని, నిలూకకి కృప చుడీదారు తొడిగి, చున్నీకి పిన్నులు పెట్టి మరీ పంపింది.

నిలూక సైకిలు మీద, కృప బస్సులో మ్యూజియం చేరారు. సైకిలు లోపలికి తేకూడదన్నాడు కాపలాదారు తిరుపతిరావు. బయట నిలబెడదామంటే అది నిలబడదు. తను పట్టుకుంటానని కృప సైగ చేసింది. ఇంగ్లీషు మాట్లాడే పని తప్పినందుకు ఆమెకి ప్రాణం లేచొచ్చింది. నిలూక తన హెల్మెట్టు కృప నెత్తిన పెట్టి, పసుపుపచ్చ కోటు ఆమె భుజాన వేసి, టికెట్టు కొనుక్కొని లోపలికి వెళ్ళింది.

కాసేపటికి సైకిలు చుట్టూ జనం చేరారు. వాళ్ళలో పవన్‌కుమార్ అనే విలేకరి ఉన్నాడు. జెండా చూసి, శ్రీలంక నుంచా అని కృపనే అడిగాడు. కాదనాలంటే నోరు తెరవాలి. ఆమె తల దించుకుంది. అతను అవునని రాసుకున్నాడు. ఒంటరిగానే తిరుగుతున్నారా అన్నాడు. ఇంకాస్త దించుకుంది. అదీ రాసుకున్నాడు.

"తెలుగు అర్థమవుద్దాండీ మీకు?"

"అవుద్దండీ," అంది కృప, మర్యాదకి.

జనం చప్పట్లు కొట్టారు. పరాయి దేశం పిల్ల మన యాసతో సహా పట్టేసిందని ఒక పెద్దాయన మురిసిపోయాడు. బెజవాడలోనే పుట్టిన ఆయన మనవడికి ఆపాటి తెలుగు రాదట.

ఎవరో శాలువా తెచ్చి కప్పారు. మ్యూజియం అధికారి రామకోటేశ్వరరావు గారు పరుగున వచ్చి, లోపల అంతా తానే దగ్గరుండి చూపిస్తానన్నారు. సరిగ్గా అప్పుడే నిలూక బయటికొచ్చింది. చుడీదారు, చున్నీ, పిన్నులు. ఆమెని ఎవరు అనుమానిస్తారు?

"అమ్మాయ్, కాస్త ఈ సైకిలు పట్టుకో," అని తిరుపతిరావు ఆమెకి అప్పజెప్పాడు. తన సైకిలు తనకే ఇచ్చినందుకు నిలూక థాంక్యూ చెప్పింది.

కృపని తలుపు దాకా నడిపించి, రెండు మాటలు చెప్పమన్నారు రామకోటేశ్వరరావు గారు. తాతయ్య అడిగిన వీడియో నిలూక మరిచిపోలేదు. ఒక చేత్తో సైకిలు పట్టుకొని, రెండో చేత్తో ఫోను పైకెత్తింది.

రేపు శాలువాతో సహా పేపర్లో పడతానని కృపకి అప్పుడు తట్టింది. ఆ భయానికి గొంతు దానంతటదే వచ్చింది.

"నేను కాదండీ. యాత్రకొచ్చింది ఆవిడ. నేను సైకిలు పట్టుకున్నానంతే, దానికి స్టాండు లేదు. మాది కొండపల్లి. తెలుగు నేనేం నేర్చుకోలేదండీ, ఇంట్లో మాట్లాడతాం."

ఒక్క తడబాటు లేదు. ముక్క అర్థం కాని నిలూక, గొప్ప ఉపన్యాసమనుకొని వీడియో అప్పటికప్పుడే కొండపల్లికి పంపించింది. సొలొమోను దాన్ని రెండుసార్లు చూసి, హాస్టలుకి పెట్టె కొనాలని శౌరమ్మతో అన్నాడట.

ఇక్కడ శాలువా కృప భుజం దిగి నిలూక భుజమెక్కింది. రామకోటేశ్వరరావు గారు నిలూకని, ఆవిడ చూసొచ్చిన విగ్రహాలే మళ్ళీ చూపించడానికి లోపలికి తీసుకెళ్ళారు. సైకిలు తిరిగి కృప చేతికొచ్చింది.

"నేనూ రావచ్చాండీ?" అనడిగింది కృప. మాట్లాడటం కాస్త అలవాటైంది.

"కొండపల్లి వాళ్ళకి టికెట్టుండాలమ్మా," అని తిరుపతిరావు తలుపేశాడు.